ఎనిమిది వేయించారు, రెండో గేరు వేయించలేదు

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ కమిషనర్ గారికి,

నేను జాకెట్లు కుట్టుకుని బతికే మనిషిని. మాది పరిటాల. బెజవాడ నుంచి హైదరాబాదు వెళ్లేటప్పుడు ఇబ్రహీంపట్నం దాటాక, కంచికచర్ల ఇంకా రాకముందు, మీ కారు ఒకచోట కాస్త నెమ్మదిస్తుంది కదా, 135 అడుగుల ఆంజనేయస్వామి విగ్రహం కనబడేచోట, ఆ ఊరే.

మీ శాఖ ఇచ్చిన లైసెన్సు కార్డు నా దగ్గరుంది. గేరున్న మోటారు సైకిలు నడపడానికి నేను తగినదాన్నని అందులో రాసి ఉంది. ఆ పరీక్ష పాసైన రోజుకి రెండో గేరు ఎలా ఉంటుందో నాకు తెలియదు. మీకు చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. దీన్ని ఒక్క ముక్కలో అర్జీగా రాసిస్తే ఏ గుమాస్తా గారి బల్ల మీదో పడి ఉంటుంది గనక, కాస్త పొడుగ్గా, పదిమందీ చదివేలా రాస్తున్నాను.

పరీక్ష జరిగిన ఆఫీసు పేరు రాయను. అక్కడివాళ్లు నాకేమీ అపకారం చెయ్యలేదు. బ్రేక్ ఇన్స్పెక్టరు గారు మర్యాదస్తుడు, కసురుకోలేదు, పైసా అడగలేదు. నేల మీద సిమెంటుతో ఎనిమిది అంకె వేసి ఉంది. అందులో బండి తిప్పాలి, కాలు కింద పెట్టకూడదు. అంతే. ఆ రోజు లైన్లో ముప్పై నలభై మందిమి ఉన్నాం. కాలేజీ కుర్రాళ్లు, ఒక పాల వ్యాపారి, సుబాబుల్ లోడు దింపి వచ్చానని చెప్పిన ఒక ట్రాక్టరు డ్రైవరు, ఆడవాళ్లం ముగ్గురం. మిగతా ఇద్దరూ స్కూటీలు తెచ్చుకున్నారు. నేను మా మావయ్య స్ప్లెండరు తెచ్చుకున్నాను. తెచ్చుకున్నానంటే మా ఆయన నడిపాడు, నేను వెనక కూర్చుని వచ్చాను.

నా వంతు వచ్చింది. క్లచ్చి పట్టుకుని, ముందు పెడలు మీద కాలివేళ్లతో ఒక్క నొక్కు నొక్కి, ఫస్టు గేరులో వేసి, క్లచ్చి సగం వదిలీ సగం పట్టుకునీ, నత్తలాగా ఎనిమిది తిరిగి వచ్చాను. చెమటలు పట్టాయి గానీ కాలు మాత్రం కింద పెట్టలేదు. "చాలమ్మా, వెళ్లు" అన్నారు. నా ముందువాళ్లూ వెనకవాళ్లూ అందరూ అంతే, ఫస్టు గేరులో ఎక్కి ఫస్టు గేరులోనే దిగారు. తప్పు వాళ్లది కాదు. ఆ ఎనిమిదిలో రెండో గేరు అవసరమే పడదు.

ఎనిమిది చెడ్డ పరీక్షని నేననడం లేదు. నెమ్మదిగా పోతున్న బండిని పడకుండా పట్టుకోవడం, హాఫ్ క్లచ్చి మీద చెయ్యి నిలబెట్టడం తేలిక కాదు. సంతలో, పెళ్లి ఊరేగింపు వెనక, గేదెల మందలో అదే పనికొస్తుంది. కానీ మా ఊళ్లో మా గుమ్మం దాటి రెండొందల గజాలు వెళ్తే హైవే. అక్కడ ఫస్టు గేరుతో బతకలేం.

పాసయ్యానని ఆ రోజు మా ఆయన లడ్డూలు కొన్నాడు. తిరిగి ఇంటికి బండి ఎవరు నడిపారో మీరు ఊహించగలరు.

నాకు బండి ఎందుకంటారేమో. మా ఆయన టిప్పరు డ్రైవరు. దొనబండ క్రషర్ల నుంచి కంకర తోలతాడు. ఎప్పుడొస్తాడో ఎప్పుడు వెళ్తాడో తెలియదు. నాకేమో లైనింగు గుడ్డ, హుక్కులు, ఫాల్సు, దారం అయిపోతే బెజవాడ వస్త్రలత బట్టల మార్కెట్టుకి పోవాలి. పాతిక ముప్పై కిలోమీటర్లు. బస్సెక్కి పోయి మూటతో తిరిగి వచ్చేసరికి ఒక పూట పోతుంది. పండగ ముందు ఒక పూటంటే ఆరు జాకెట్లు. ఇంట్లోనేమో మావయ్య స్ప్లెండరు, 2006లో కొన్నది, ఏపీ 16 నంబరు, గొడ్ల చావిట్లో గోనెపట్టా కప్పుకుని పడి ఉంది. ఆయన మోకాళ్లు అరిగిపోయి దాన్ని వదిలేశాడు. స్కూటీ కొనుక్కోవచ్చుగా అన్నారు అందరూ. ఉన్న బండి వదిలి అప్పు చేసి ఇంకో బండి కొనడానికి మనసొప్పలేదు.

మా వైపు కారు నేర్పే స్కూళ్లున్నాయి. మోటారు సైకిలు నేర్పే స్కూలు నాకెక్కడా తగల్లేదు. మోటారు సైకిలంటే అన్న తమ్ముడికి నేర్పాలి, తమ్ముడు స్నేహితుడికి నేర్పాలి, అలా ఒకరి తప్పు ఇంకొకరికి అంటాలి. నాకు మా మావయ్య నేర్పాడు. అదృష్టవంతురాలిని. ఆయన పాతికేళ్లు లారీ తోలాడు. ఇప్పుడు 65 అంటున్న ఈ రోడ్డు తొమ్మిదో నంబరు హైవేగా ఉన్న రోజుల్లో, నాలుగు లైన్లు లేని రోజుల్లో, జయంతిపురం సిమెంటు లోడు వేసుకుని అటు పటాన్‌చెరు దాకా, ఇటు బందరు దాకా తిరిగినవాడు. ఆ లారీలకి గేరు దించాలంటే ఒకసారి క్లచ్చి నొక్కితే చాలదట. నొక్కి, న్యూట్రల్లోకి తెచ్చి, వదిలి, కాస్త రేజు ఇచ్చి, మళ్లీ నొక్కి వెయ్యాలట. డబుల్ క్లచ్చి అంటాడు. లెక్క తప్పితే గేర్లు కరకరమని పళ్లు కొరుకుతాయి, పక్కనున్న క్లీనరు నవ్వుతాడు. ఆ నవ్వుకి భయపడి నేర్చుకున్నానని చెబుతాడు.

పరీక్ష అయ్యాక, మొదటి రోజు తెల్లారుజామున, ఇంకా చీకటి ఉండగానే, సర్వీసు రోడ్డు మీదకి తీసుకెళ్లాడు. నేను నడిపేదాన్ని, ఆయన వెనక కూర్చునేవాడు. కోడలు నడిపితే మావగారు వెనక కూర్చోవడమేమిటని ఊళ్లో రెండు రోజులు చెప్పుకున్నారు. మూడో రోజు వాళ్లకి ఇంకో కబురు దొరికింది.

ఫస్టు వేశాను. కదిలింది. రెండు వెయ్యమన్నాడు. క్లచ్చి పట్టుకున్నాను గానీ ఎక్సలేటరు వదల్లేదు. ఇంజిను ఒక్కసారిగా కెవ్వుమంది. కంగారుపడి క్లచ్చి వదిలేశాను. బండి ఎగిరి ముందుకి దూకింది. మావయ్య నా భుజం పట్టుకుని, "అమ్మాయ్, కుడిచెయ్యి, ఎడమచెయ్యి, ఎడమకాలు, మూడూ ఒకే పని చేస్తున్నాయి. ఒకటి ఇవ్వబోతుంటే ఇంకోటి లాక్కుంటే ఎట్టా?" అన్నాడు.

ఇంటికొచ్చి ఆలోచిస్తే నాకు అర్థమైంది. కుట్టు మిషను మీద నేను ముప్పై ఏళ్లుగా అదే చేస్తున్నాను. కాలు తొక్కుతుంది, కుడిచెయ్యి చక్రం అందుకుంటుంది, ఎడమచెయ్యి గుడ్డ నడుపుతుంది. కొత్తగా వచ్చే పిల్లలకి నేను చెప్పేది కూడా అదే: కాలు నెమ్మదించాకే చెయ్యి మలుపు తిప్పాలని. మర్నాడు కుడిచెయ్యి వదిలీ వదలగానే ఎడమచెయ్యి బిగించి, కాలు నొక్కి, ఎడమచెయ్యి జారనిస్తూ కుడిచెయ్యి అందించాను. రెండు పడింది. చప్పుడే లేదు. సూది కొత్త గుడ్డలోకి దిగినట్టు దిగింది.

ఇక ఎలా మార్చాలన్నది రెండ్రోజుల్లో వచ్చేసింది. ఎప్పుడు మార్చాలన్నది నెల పట్టింది. ఎవరికైనా అంతే పడుతుందనుకుంటాను. మీ పరీక్షలో లేనిది సరిగ్గా అదే.

నేనేం చేసేదాన్నంటే, మీటరు చూసేదాన్ని. స్ప్లెండరు మీటరు మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు అని గేర్లకి గుర్తులు వేసి ఉంటాయి. ముల్లు అక్కడికి రాగానే మార్చేదాన్ని. తిన్నగా ఖాళీ రోడ్డు మీద బాగానే ఉండేది. డొంకలోంచి హైవే మీదకి ఎక్కేచోట మాత్రం ముల్లు గుర్తు దాటినా బండి ఏడ్చేది. వెనక మావయ్య, ఒళ్లో మూట ఉంటే ఇంకా ఏడ్చేది. మీటరుకి బండి ఎంత వేగంగా పోతోందో తెలుసు గానీ ఎంత బరువు లాగుతోందో తెలియదు. నేనేమో రోడ్డు వదిలి ముల్లుకేసి చూసేదాన్ని.

ఒక రోజు మావయ్య లైనింగు ముక్క ఒకటి ఇమ్మన్నాడు. నీలం రంగుది, రెండు మూరలుంటుంది. తీసుకెళ్లి మీటరు మీద చుట్టి, వెనకాల ముడేశాడు. "ఇక చెవితో తోలు" అన్నాడు.

ఆ నీలం గుడ్డ కట్టిన వారం రోజుల్లో నేర్చుకున్నది మీకు వివరంగా చెబుతాను. మీరు పెద్ద చదువులు చదివినవారు, ఇంజిన్ల సంగతి నాకంటే ఎక్కువే తెలిసి ఉంటుంది. అయినా గేరు మార్చేటప్పుడు మీరేం వింటారో ఒకసారి పోల్చుకోండి.

ఫస్టు గేరులో ఇంజిను చాలాసార్లు తిరిగితే గానీ చక్రం ఒక్కసారి తిరగదు. అందుకే బలం ఎక్కువ, వేగం తక్కువ. మందపాటి జీన్సు కుట్టు నాలుగు మడతలు కలిసేచోట నేను మోటారు ఆపేసి చక్రాన్ని చేత్తో తిప్పుతాను, ఒక్కో కుట్టూ బలంగా పడుతుంది. ఫస్టు గేరు అది. కదిలాక కూడా అందులోనే ఉంటే ఇంజిను గొంతు పైకి పోతుంది, సన్నగా కీచుమంటుంది, పెట్రోలు తాగుతుంది, కాళ్లకి వేడి కొడుతుంది. అదే నాలుగో గేరులో ఇంజిను తిరిగేది తక్కువ, చక్రం తిరిగేది ఎక్కువ. ఊపు మీదున్నప్పుడు హాయి. ఊపు తగ్గాక కూడా నాలుగులోనే ఉంచి ఎక్సలేటరు తిప్పితే బండి పోదు. డగడగమంటుంది, హ్యాండిలు వణుకుతుంది, పెట్రోలు ట్యాంకు మోకాళ్లకి కొట్టుకుంటుంది. లోపల పిస్టను తన శక్తికి మించిన బరువు నెడుతోందన్నమాట. మా మెకానిక్కు దాన్ని "కొట్టడం" అంటాడు. బండి కొడుతోందక్కా అంటే నాలుగులో ఈడ్చారని అర్థం. అలా ఏళ్ల తరబడి ఈడిస్తే ఇంజిను రిపేరుకొస్తుంది.

ఈ రెంటికీ మధ్య ఒక గొంతుంది. బొంగురూ కాదు, కీచూ కాదు. కుట్టు మిషనుకి నూనె వేసిన రోజు వచ్చే చప్పుడు లాంటిది. అది ఉన్నంతసేపూ గేరు జోలికి పోనక్కర్లేదు. కీచుమనబోతుంటే పైకి వెయ్యాలి. గొణగబోతుంటే కిందికి దించాలి. కీచుమన్నాక కాదు, గొణిగాక కాదు. మావయ్య దీన్ని "బండి అడగక ముందు పెట్టాలి" అంటాడు, ఇంటికొచ్చినవాళ్లకి అన్నం పెట్టడం గురించి చెప్పినట్టు.

ఎక్కేచోట ముందే దించుకోవాలనీ, సగం ఎక్కాక దించితే ఆ రెప్పపాటులో ఊపంతా పోతుందనీ, ఆపై బండి వెనక్కి జారుతుందనీ అప్పుడే తెలిసింది. నల్లరేగడిలో వాన పడ్డాక డొంకలో ఒకే గేరు పట్టుకుని ఒకే రేజు మీద రావాలి, మధ్యలో గేరు మారిస్తే ఊపు పోయి చక్రం మట్టిలో నిలబడిపోతుంది. ఇవన్నీ మా వైపు ప్రతి రైతుకీ తెలుసు. ఎలా తెలిసిందంటే ఒకటి రెండుసార్లు పడి.

నేనూ పడ్డాను. తప్పు నాదే, ఇంకెవరి మీదా వెయ్యను. హైవే దిగి క్వారీల వైపు దారిలోకి మళ్లుతున్నాను, మా ఆయనకి క్యారేజీ పట్టుకుని. మూడో గేరులో వచ్చాను. మలుపు దగ్గర భయమేసి మడమతో టకటకా రెండుసార్లు నొక్కి ఒకేసారి ఫస్టులోకి దించి, క్లచ్చి ఠపీమని వదిలేశాను. టిప్పర్ల నుంచి జారిన బేబీ చిప్సు కంకర అక్కడ జొన్నలు ఆరబోసినట్టు పరుచుకుని ఉంటుంది. వెనక చక్రం ఒక్క క్షణం తిరగడం మానేసి పక్కకి పోయింది. నేను ఇటు, క్యారేజీ అటు. మోచెయ్యి చీరుకుపోయింది. పప్పుచారు రోడ్డు తాగింది.

మావయ్య పసుపు అద్దుతూ జరిగినదేమిటో విడమరిచి చెప్పాడు. ఎక్సలేటరు వదిలేసినప్పుడు ఇంజిను చక్రాన్ని తిప్పదు, చక్రమే ఇంజిన్ని తిప్పాల్సొస్తుంది. కింది గేరైతే ఎక్కువసార్లు తిప్పాలి. ఆ బరువుకే బండి తనంతట తను నెమ్మదిస్తుంది. లారీవాళ్లు దిగుడులో దాన్ని నమ్ముకునే దిగుతారు, బ్రేకులు కాలిపోకుండా. అదే ఒకేసారి మూడు నుంచి ఒకటికి దించితే చక్రం అంత బరువు తిప్పలేక బిగుసుకుపోతుంది. మూడు నుంచి రెండు, కాస్త ఆగి, రెండు నుంచి ఒకటి, క్లచ్చి వేళ్లలోంచి నెమ్మదిగా జారనిస్తూ. "మెట్లు దిగినట్టు, గోడ దూకినట్టు కాదు." ఆ మాట ఆయన మొదటి రోజే చెప్పి ఉంటే నేను వినేదాన్నా అంటే, వినేదాన్ని కాదు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. నందిగామ కోర్టులో ప్రాక్టీసు చేసే ఒక వకీలు గారి ఇల్లాలు నా దగ్గర జాకెట్లు కుట్టించుకుంటుంది. నా కథ విని ఆవిడ నవ్వి, వాళ్లాయన బీరువాలోంచి ఒక పుస్తకం తెచ్చి ముందు పెట్టింది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు. అందులో 15వ నియమం డ్రైవింగ్ పరీక్ష గురించే. పరీక్షకొచ్చినవాడు ఏమేం చేసి చూపించాలో వరసగా రాశారు. ఆవిడ చదువుతుంటే నేను సూదిలో దారం ఎక్కించడం ఆపేశాను. బండి కుదుపు లేకుండా కదిలించి ఒక్కో గేరూ వేస్తూ టాప్ గేరు దాకా వెళ్లి చూపించాలట. రోడ్డు మీద పరిస్థితిని బట్టి టాప్ గేరు నుంచి కింది గేర్లకి చురుగ్గా దించి చూపించాలట. దిగుడులో కింది గేరుకి మారాలట. నిట్టనిలువు ఎక్కుడు మీద ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించాలట.

కమిషనర్ గారూ, నాకు మావయ్య నెల రోజులు నేర్పింది ఈ నాలుగు ముక్కలే. అవి చట్టంలో ముప్పై ఏళ్లకి పైగా ఉన్నాయి. మా మావయ్యకి ఆ పుస్తకం ఉందని తెలియదు. నా పరీక్ష జరిగిన గ్రౌండులో ఆ పుస్తకం ఎవరూ తెరిచినట్టు లేదు.

మా ఊరికి ఇలాంటి తిరకాసు కొత్తేం కాదు. చుట్టూ తెల్లవాళ్ల కృష్ణా జిల్లా ఉంటే మధ్యలో పరిటాల నైజాం వారి గడ్డగా ఉండేది. ఒక చేను గట్టుకి ఇటు ఒక చట్టం, అటు ఇంకో చట్టం. పెద్దవాళ్లు ఆ కబుర్లు ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు. అప్పుడు రెండు రాజ్యాలు గనక రెండు చట్టాలు. ఇప్పుడున్నది ఒక్క రాజ్యం. పుస్తకంలో నాలుగు గేర్లుంటే గ్రౌండులో ఒక్కటే ఉండటమేమిటో నాకు అంతుపట్టలేదు.

ఇంతకీ దీని వల్ల ఏమవుతోందో మా ఊళ్లోనే చూపిస్తాను. ఆంజనేయస్వామి విగ్రహం 2003లో నిలబెట్టారు. అప్పట్నుంచీ ఆ ముందు రోడ్డు మీద బండ్ల నడక మారిపోయింది. దూరం నుంచి వచ్చే కార్లు అక్కడికి రాగానే ఉన్నట్టుండి నెమ్మదిస్తాయి, ఫొటోకి. బస్సులో ఉన్నవాళ్లు లేచి దణ్ణం పెడతారు, డ్రైవరు కూడా కాస్త కాలు తీస్తాడు. వెనక మోటారు సైకిలు మీద వచ్చే కుర్రాడు నాలుగో గేరులో అరవై మీదుంటాడు. వాడూ భక్తుడే. కుడిచెయ్యి ఎక్సలేటరు మీద నుంచి తీసి కళ్లకద్దుకుంటాడు. బండి ముప్పైకి పడిపోతుంది. గేరు మాత్రం నాలుగే. ఇంతలో వెనక టిప్పరు హారను కొడుతుంది. వాడు పక్కకి తప్పుకోవాలని ఎక్సలేటరు మెలిపెడతాడు. బండి డగడగలాడుతుంది గానీ కదలదు. రెండో గేరులో ఉంటే ఒక్క ఊపులో పక్కకి పోయేవాడు. ఆ రెండు మూడు క్షణాలు టిప్పరు ముందు కొట్టుమిట్టాడుతూ ఉంటాడు. నా మిషను కిటికీ దగ్గరే ఉంటుంది. ఆ డగడగ వారంలో రెండుసార్లైనా వినబడుతుంది, వినగానే నా కాలు మిషను మీద ఆగిపోతుంది.

2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది పోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వాళ్లలో 44.5 శాతం రెండు చక్రాల బండ్ల మీద వెళ్తున్నవాళ్లు. ఆ లెక్కల్లో అతివేగం ఉంది, తాగి నడపడం ఉంది, రాంగు రూటు ఉంది. గేరుకి వేరే గడి లేదు. తప్పించుకోవాల్సినప్పుడు బండి కదలకపోవడం ఏ గడిలోనూ కనబడదు.

ఇంకో చిక్కుంది. అన్ని బండ్లకీ గేర్లు ఒకలాగే పడవు. మా స్ప్లెండరుకి నాలుగూ ముందు పెడలు నొక్కితే పడతాయి, వెనక మడమతో నొక్కితే దిగుతాయి. పల్సరుకి మొదటిది కిందికి, తక్కినవి పైకి. పాత బులెట్టుకైతే గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. 1970ల్లో అమెరికా గేరు ఎడమకాలికే ఉండాలని నియమం పెట్టాక చాలా కంపెనీలు అటు మళ్లాయట. పెళ్లిళ్లలో కుర్రాళ్లు ఒకరి బండి ఒకరు తీసుకుపోతారు. స్ప్లెండరు మీద నేర్చినవాడు పల్సరెక్కి గేరు పెంచుదామని ముందుకి నొక్కితే అది దిగుతుంది. వెనక చక్రం సంగతి నా మోచేతిని అడగండి. గేరు ఎటు పడుతుందో బండి బండికీ మారుతుంది గానీ ఎప్పుడు పడాలన్నది మారదు. చెవి పట్టుబడినవాడు ఏ బండెక్కినా రెండు నిమిషాల్లో సర్దుకుంటాడు.

ఇప్పుడంతా గేరు లేని బండ్లే వస్తున్నాయి, కరెంటు స్కూటర్లకి క్లచ్చే లేదు, ఈ గోలెందుకని మీ ఆఫీసులో ఎవరైనా అనొచ్చు. 1958లో జపాన్లో హోండావాళ్లు సూపర్ కబ్ తెచ్చినప్పుడే క్లచ్చి పట్టే పని లేకుండా చేశారు, సేమ్యా లాంటి సోబా అమ్మేవాడు ఒక చేత్తో పళ్లెం పట్టుకుని రెండో చేత్తో నడుపుకుపోవడానికి. మంచిదే. అదే జపాన్లో గేరున్న మోటారు సైకిలుకి లైసెన్సు కావాలంటే ఈ రోజుకీ ఏటవాలు ఎక్కుడు మీద ఆపి మళ్లీ కదిలించి చూపించాలి. గేరు లేని బండికి వేరే పరీక్ష, వేరే లైసెన్సు. మన చట్టమూ గేరున్నదీ గేరు లేనిదీ వేరుగానే చూస్తుంది, కార్డు మీద వేరుగానే రాస్తుంది. గ్రౌండులో మాత్రం రెంటికీ ఒకే ఎనిమిది. స్కూటీ తెచ్చుకున్న ఆ ఇద్దరికీ నాకూ ఆ రోజు జరిగిన పరీక్షలో తేడా ఏమైనా ఉందంటే, వాళ్లకి నాకంటే తక్కువ చెమట పట్టింది. పైగా మా వైపు పత్తి మూట, మిరప టిక్కీ, పాల క్యాను మోసేవి ఇంకా గేరు బండ్లే. కరెంటు స్కూటరు ఆ డొంకలోకి వచ్చేదాకా ఎంతమంది కార్డులు తీసుకుంటారో లెక్కేసుకోండి.

నేనడిగేది కొత్త చట్టం కాదు, కొత్త మిషన్లూ కాదు. ఎనిమిది అలాగే ఉంచండి. దాని పక్కన వంద గజాల తిన్నటి దారి ఒకటి వెయ్యండి. మూడో గేరు దాకా వేసుకుంటూ వెళ్లమనండి. చివర్లో ఎర్ర జెండా చూపిస్తే మూడు నుంచి రెండు, రెండు నుంచి ఒకటి దించి ఆగమనండి. ఒక మూల లారీకి సరుకెక్కించే దిమ్మంత ఎత్తున మట్టి పోసి, దాని మీద ఆపి కదలమనండి. మనిషికి రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఇన్స్పెక్టరు గారు కాగితం మీద నుంచి తలెత్తకపోయినా ఫరవాలేదు. చెవి ఒక్కటి ఇటు పడేస్తే ఎవడికి వచ్చో ఎవడికి రాదో ఇట్టే తెలిసిపోతుంది.

తప్పిన వాళ్లకి ఏం నేర్చుకుని రావాలో ఒక ముక్క చెప్పి పంపితే ఇంకా మంచిది. ఇప్పుడు ఫెయిలైనవాడికి కాలు కింద పెట్టావనే చెబుతారు. వాడు ఇంటికెళ్లి ఇంకో నెల ఎనిమిదే తిప్పుకుంటూ ఉంటాడు.

ఇంకొకటి, చిన్నది. ఎల్ఎల్ఆర్, అంటే నేర్చుకునేవాళ్ల లైసెన్సు, ఇచ్చేటప్పుడు కంప్యూటర్లో గుర్తులు అడుగుతారు, నో పార్కింగు, స్కూలు జోను, మలుపు అని. అందులో గేరు గురించి ఒక్క ప్రశ్న పెట్టండి. ఎక్కుడు రాకముందు దించాలా, ఎక్కేటప్పుడు దించాలా అని. జవాబు తెలియనివాళ్లు కనీసం ఇంటికెళ్లి ఎవరినైనా అడుగుతారు.

నేను ఇప్పుడు వస్త్రలతకి వారానికోసారి వెళ్లి వస్తున్నాను. వెనక సీటుకి మూట కట్టుకుంటాను. ఇబ్రహీంపట్నం రింగు దగ్గర సిగ్నలు పడుతుందనిపిస్తే ముందే ఎక్సలేటరు వదిలి, మూడు, రెండు దించుకుంటూ వస్తాను. చాలాసార్లు నేను చేరేసరికి పచ్చ పడుతుంది, కాలు కింద పెట్టే పనే ఉండదు. పరీక్ష రోజున ఇది చూసి ఉంటే ఇన్స్పెక్టరు గారు సంతోషించేవారు. మొన్నామధ్య మావయ్యని కంచికచర్ల ఆసుపత్రికి తీసుకెళ్లి వస్తుంటే దారిలో ఎంత పలకరించినా పలకలేదు. భయమేసి పక్కకి ఆపి చూస్తే, నా వీపుకి తల ఆనించి నిద్రపోతున్నాడు. పాతికేళ్లు లారీ తోలినవాడు ఇంకొకరు నడిపే బండి మీద కళ్లు మూసుకోవడం మా ఇంట్లో ఎవరూ చూడలేదు.

నీలం గుడ్డ మీటరు మీద నుంచి విప్పేశాను. ఉతికి దాచాను, ఎందుకంటే మా అమ్మాయికి పద్దెనిమిది నిండాయి. ఈ నెలే ఎల్ఎల్ఆర్ వచ్చింది. ముప్పై రోజులు దాటగానే స్లాటు బుక్ చేస్తాం. రోజూ తెల్లారుజామున సర్వీసు రోడ్డు మీద దాన్ని తిప్పుతున్నాను, మీటరుకి గుడ్డ కట్టి. నిన్నటికి మూడో గేరు దాకా వచ్చింది. పరీక్ష రోజున మీ ఇన్స్పెక్టరు గారు, ఏదమ్మా, ఒకసారి పైకి వేసి దించి చూపించు అని అడగాలని ఈ లేఖ. అడిగితే చూపిస్తుంది.

ఇట్లు,
పరిటాల నుంచి ఒక టైలరు